ఫిబ్రవరిలో మీరు, ఆగస్టులో ఆవిడ

ప్రశ్న: నమస్తే అక్కా. మాది గుంటూరు, కొరిటెపాడు. మా బాబు ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది పొద్దున్నే ఆయనతోపాటు యార్డుకి వెళ్లిపోతుంది, దాంతో ఏడాదిన్నరగా వాడు సగం ఆన్‌లైన్ క్లాసులు విననేలేదు. ఈ 2021 ఆగస్టు 16 నుంచి స్కూళ్లు తెరుస్తారని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే మా క్లాస్ టీచరు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో "ఇది నా సొంత అభిప్రాయం, వీలైనవాళ్లు ఇంకో నెల ఆగి పిల్లల్ని పంపితే మంచిది" అని పెట్టారు. నాకు ఒళ్లు మండింది. "ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని జీతం తీసుకోవడం అలవాటైపోయింది, ఇప్పుడు బడికి రావాలంటే బద్ధకం" అని పెట్టేశాను. పద్నాలుగు మంది థంబ్స్ అప్ కొట్టారు. టీచరు ఏమీ అనలేదు, అరగంటకి ఆవిడ మెసేజ్ డిలీట్ అయిపోయింది. తర్వాత ఫీజు కట్టడానికి వెళ్తే ఆయమ్మ చెప్పింది: ఏప్రిల్లో బడి మూసే ముందు ఆవిడకి కోవిడ్ వచ్చిందట, ఇంట్లో వాళ్ల నాన్నగారికి అంటుకుందట, మే నెలలో ఆయన పోయారట. నేనే తెచ్చి అంటించాను అని ఇప్పటికీ ఏడుస్తారట. అప్పటినుంచి నాకు అన్నం సహించట్లేదు. ఆవిడకి నలభై కూడా ఉండవు. మావారేమో "ఫీజు కట్టేది మనం, క్షమాపణ ఏంటి, లోకువైపోతాం" అంటున్నారు. ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా, పేరంటానికి పిలిచి తాంబూలం, జాకెట్ ముక్క ఇచ్చి సర్దుకుందామా అనుకుంటున్నాను. ఆవిడ కోపం బాబు మీద చూపిస్తారేమోనని భయం. వాణ్ణి ఇంకా పంపలేదు. పంపమంటారా? అన్నట్టు, ఫిబ్రవరిలో తెరిచినప్పుడు ఇదే టీచరు ఫోన్ చేసి పంపమంటే నేనే పంపలేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన ముక్కని చిట్టచివర, "అన్నట్టు" అని తగిలించారు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతానమ్మా.

ఫిబ్రవరి 1న మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతులకి బడులు తెరిచారు. అంతకుముందు నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టి ఒక్కో తరగతే కలుపుకుంటూ చిన్నపిల్లల దాకా వచ్చారు. అప్పుడు ఆవిడ ఫోన్ చేసి పంపించండమ్మా అంటే మీరు పంపలేదు. ఎందుకు పంపలేదో మీరు రాయకపోయినా నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే మాట నడిచింది, చదువు ఏడాది పోతే పోయింది, పిల్లాడు ఉంటే చాలు అని. ఆ రోజుల్లో టీచర్లని మనమందరం ఏమన్నామో గుర్తు తెచ్చుకోండి. ఫీజుల కోసం పిల్లల ప్రాణాల మీదకి తెస్తున్నారు అన్నాం. ఆరు నెలలు తిరిగాయి. ఇప్పుడు ఆగమంటే బద్ధకం అంటున్నాం. రమ్మన్నా డబ్బు కోసమే, వద్దన్నా డబ్బు కోసమే అయితే, పాపం ఆవిడ ఇంకేం మాట్లాడాలి చెప్పండి.

ఈ ఆరు నెలల్లో మీరూ ఆవిడా అచ్చంగా చోట్లు మార్చుకున్నారు. ఫిబ్రవరిలో కేసులు బాగా తగ్గిపోయి అందరం పెళ్లిళ్లకి తిరుగుతున్న రోజుల్లో ఆవిడకి ధైర్యం ఉంది, మీకు లేదు. తర్వాత ఏప్రిల్ వచ్చింది. ఏప్రిల్ 20న ఒకటి నుంచి తొమ్మిది దాకా బడులు మూసేశారు, మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఆ నెలన్నర ఎలా గడిచిందో గుంటూరువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో అందరూ బయటపడ్డారు, అందుకని మీకిప్పుడు పిల్లాడి చదువు కనపడుతోంది. ఆవిడ ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అయింది, ఆవిడకి అదే కనపడుతోంది. ఎవరికి ఎంత ధైర్యం ఉండాలన్నది ఏప్రిల్, మే నెలలు ఎవరింట్లో ఎలా గడిచాయన్న దాన్నిబట్టి తేలిపోయింది. ఇందులో తల్లిదండ్రులంతా ఒక పక్క, టీచర్లంతా ఒక పక్క అని ఏమీ లేదు. మీ గ్రూపులో థంబ్స్ అప్ కొట్టనివాళ్లు ఎంతమందో లెక్కపెట్టారా? వాళ్లలో కొందరి ఇళ్లల్లోనూ ఫొటోకి దండ పడి ఉంటుంది.

ఇక మీరన్న మాట సంగతి. ఇంట్లో కూర్చుని జీతం. ఇది చదవగానే నిజం చెప్పొద్దూ, మీ మీద నాకూ కోపం వచ్చింది. మా అక్క కూతురు విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. 2020 ఏప్రిల్లో సగం జీతం ఇచ్చారు, జూన్ నుంచి అదీ లేదు, కానీ ఆన్‌లైన్ క్లాసు మాత్రం రోజూ చెప్పాలి. వంటింటి గట్టు మీద పప్పుల డబ్బాకి ఫోను ఆనించి భిన్నాలు చెప్తుంటే వెనక కుక్కర్ కూసేది, అవతల ఎవరి నాన్నగారో మ్యూట్ చేసుకోవడం మర్చిపోయి "ఈవిడ పాఠం చెప్తోందా వంట చేస్తోందా" అని అందరికీ వినపడేలా అనేవారు. ఆ రెండూ చేస్తోంది మరి. ఆ వేసవి తర్వాత అది ఆవకాయ, గోంగూర పట్టి అపార్ట్‌మెంట్లలో అమ్మింది. ఇప్పుడు పచ్చళ్లే దాని వృత్తి, బడికి మళ్లీ వెళ్లనంటోంది. కూరగాయల బండి పెట్టుకున్న మాస్టార్ల గురించి, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్ల గురించి పేపర్లలో మీరూ చదివే ఉంటారు. పక్కన తెలంగాణలో ఈ ఏప్రిల్ నుంచి ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు, మన దగ్గర అదీ లేదు. పోయిన ఏడాది ప్రైవేటు స్కూళ్ల ట్యూషన్ ఫీజు 30 శాతం తగ్గించమని మన ప్రభుత్వం చెప్పినప్పుడు మీకూ నాకూ హాయిగానే అనిపించింది గానీ, ఆ కోత చాలాచోట్ల యాజమాన్యం జేబులోంచి కాకుండా టీచరమ్మల జీతంలోంచే పోయింది. మీ టీచరుకి ఎంత ఇచ్చారో నాకు తెలీదు, మీకూ తెలీదు. తెలియకుండా అనేశారు, అదీ అందరి ముందు.

అసలు ఆవిడ పెట్టిన మెసేజ్‌ని ఇంకోసారి తీరిగ్గా చూడండి. ప్రైవేటు స్కూలు టీచరు, పిల్లలు వస్తేనే ఫీజులు, ఫీజులు వస్తేనే జీతం. అలాంటి మనిషి ఇంకో నెల ఆగండి అంటున్నారంటే తన జీతానికి తనే అడ్డం పడుతున్నట్టు. పైగా యాజమాన్యం చూసే గ్రూపులో, "నా సొంత అభిప్రాయం" అని పెట్టి మరీ. అరగంటలో ఆ మెసేజ్ ఎందుకు మాయమైందో మీరు ఊహించలేదా? మీ మాటకి సిగ్గుపడి తీసేశారని అనుకున్నట్టున్నారు, నాకైతే ఆఫీసు రూము నుంచి ఫోన్ వెళ్లి ఉంటుందనిపిస్తోంది.

ఇంకో నెల అనే లెక్క ఎక్కడిది? పంతానికి అన్నమాట కాదేమో, చూడండి. ఆవిడకి నలభై లేవంటున్నారు. ఏప్రిల్లో టీకా 45 దాటినవాళ్లకే. సరే, ఆ నెలలోనే ఆవిడకి కోవిడ్ వచ్చింది. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగి టీకా వేయించుకోవాలని మే నెలలో కేంద్రం చెప్పింది. మే మొదట్లో తగ్గిందనుకుంటే ఆగస్టు మొదట్లో గానీ ఆవిడ వంతు రాదు. అంటే టీచర్లకి ముందు టీకా అని మన ప్రభుత్వం అంత హడావిడి చేసినా ఆవిడ మాత్రం ఆ వరసలో వెనకబడిపోయి ఉండొచ్చు, బడి తెరిచే వారంలోనే మొదటి డోసు పడి ఉండొచ్చు. అది ఒంటికి పట్టాలంటే రెండు మూడు వారాలు. కోవిషీల్డ్ అయితే రెండో డోసుకి మళ్లీ 84 రోజులు. ఇంట్లో అమ్మ ఉందేమో, అత్తగారున్నారేమో. ఇది నా ఊహే, నిజంగా అలాగే జరిగిందని చెప్పను. కానీ ఒక మనిషి నెల ఆగమంటే, ఎందుకమ్మా నెల అని అడగడానికి పట్టేది ఒక్క ఫోన్ కాల్. ఫిబ్రవరిలో ఆవిడ మీకు ఆ కాల్ చేశారు కదా.

భయం ఉత్తినే పుట్టలేదనడానికి ఇంకోటి కూడా చెప్తాను. నవంబరులో తెరిచిన మొదటి మూడు రోజుల్లో 262 మంది పిల్లలకి, దాదాపు 160 మంది టీచర్లకి పాజిటివ్ వచ్చిందని విద్యాశాఖే చెప్పింది. పిల్లలు 262 అంటే ఎక్కువగా కనిపిస్తుంది, కానీ అప్పుడు బడికి వచ్చిన పిల్లలు సుమారు 4 లక్షలు, టీచర్లు లక్షకి అటూ ఇటూ. పదివేల మందికి లెక్కేసుకుంటే పిల్లల్లో ఆరేడుగురు, టీచర్లలో పదహారుగురు. మూడు రోజుల్లో బయటపడ్డవి బడిలో అంటుకున్నవే అనడానికి లేదు, ఇంటినుంచి తెచ్చుకున్నవే ఎక్కువ కావచ్చు. అయినా ఆ గదిలో ఎవరికి ఎక్కువ ప్రమాదమో అర్థమవుతోంది కదా. నాలుగో తరగతి పిల్లాడి కన్నా నల్లబల్ల ముందు నిలబడే మనిషికే.

క్షమాపణ చెప్పాలా అంటే, చెప్పాలి. మీవారు లోకువ అంటున్నారు గానీ, లోకువయ్యేది నోరు జారిన రోజే అయిపోయాం. నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి, విడిగా ఫోన్ చేసి సారీ చెప్పేస్తే ఆ పద్నాలుగు మంది దృష్టిలో ఆవిడ బద్ధకస్తురాలిగానే మిగిలిపోతారు. గ్రూపులో రెండే వాక్యాలు పెట్టండి: "మొన్న టీచరుగారిని నేనన్న మాట తప్పు. తెలియకుండా, కోపంలో అన్నాను, క్షమించండి." అంతే. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" లాంటివి వద్దు, నొచ్చుకున్నారని మీకు తెలుసు. వాళ్ల నాన్నగారి సంగతి గ్రూపులో ఎత్తనే ఎత్తొద్దు. ఆ దుఃఖాన్ని అందరికీ చెప్పాలో వద్దో ఆవిడిష్టం. ఆయమ్మ పేరు కూడా ఎక్కడా రానివ్వకండి, పాపం, ఆవిడ ఉద్యోగం ఊడుతుంది.

తర్వాత వెళ్లి కలవండి. పేరంటానికి మాత్రం పిలవొద్దు. నాన్న పోయి నాలుగు నెలలు కూడా కాలేదు, ఆడపిల్లకి మూడు రోజుల మైలే కదా అని శాస్త్రం చెప్పొచ్చు గానీ ఈ ఏడు ఆవిడకి పండగ చేసుకోవాలని ఉందో లేదో మీకెలా తెలుసు? పైగా మీ ఇంట్లో పదిమంది ముత్తయిదువుల మధ్య, చేతిలో శనగలు పోసి, జాకెట్ ముక్క పెట్టి, కాళ్లకి పసుపు రాస్తూ మీరు కళ్లతో క్షమాపణ అడిగితే ఆవిడ "పర్లేదండీ" అనక ఏం చేస్తారు? జాకెట్ ముక్క కింద దాచిపెట్టి ఇచ్చే క్షమాపణ మీకు సుఖం, ఆవిడకి ఇబ్బంది. శనివారం బడి వదిలాక గేటు దగ్గర ఐదు నిమిషాలు చాలు, ఉత్త చేతులతో వెళ్లండి. నేనలా అనకుండా ఉండాల్సిందండీ అనండి. ఆవిడ నాన్నగారి మాట ఎత్తితే వినండి, మీరు మాత్రం ఎత్తకండి. నా వల్లే అంటుకుంది అని ఆవిడ అంటే, మీ తప్పేం లేదండీ అని గబుక్కున కొట్టిపారేయకండి, ఆ మాట ఆవిడ ఇప్పటికి వందసార్లు విని ఉంటారు. ఆ ఏప్రిల్లో పాల ప్యాకెట్ తెచ్చుకోవడానికి వీధి చివరి దాకా వెళ్లినవాళ్లకీ అంటుకుంది, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఊరికే వినండి. ఒకవేళ ఆవిడ మీతో సరిగ్గా మాట్లాడకుండా వెళ్లిపోయినా అదీ ఆవిడ హక్కే, మళ్లీ మళ్లీ వెంటపడొద్దు.

బాబు మీద చూపిస్తారేమో అన్న భయం మీకు వచ్చిందే గానీ నాకు రాలేదు. నెల ఆగి పంపండి అని ఉద్యోగం పణంగా పెట్టి రాసిన మనిషి పిల్లాడి మీద కక్ష తీర్చుకుంటారా? అలా చేసే టీచర్లు అసలు ఉండరని అనను, చిన్నప్పుడు మాకూ ఒకాయన ఉండేవారు. ఈవిడ ఆ రకం కాదని మీ ఉత్తరంలోనే కనపడుతోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, పంపాలా వద్దా. పంపండి. టీచరు పక్షాన ఇంతసేపు మాట్లాడి ఇప్పుడు ఇలా అంటున్నానేమిటి అనుకోకండి, ఆవిడ భయానికి విలువ ఇవ్వడం వేరు, మీవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం వేరు. రెండో తరగతి చివర్లో, 2020 మార్చిలో ఇంటికొచ్చినవాడు మూడో తరగతి గది చూడకుండానే నాలుగులోకి వచ్చాడు. ఇవాళ సాయంత్రం వాడిచేత పది తెలుగు మాటలు చెప్పి రాయించండి. మా పక్కింటి పిల్లాడు మొన్న "అమ్మ" అని రాయమంటే "అమ" అని రాసి, ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక నా మొహంలోకి చూశాడు. నిరుడు పన్నెండో ఎక్కం గడగడా చెప్పినవాడు ఇప్పుడు ఏడో ఎక్కం దగ్గర ఆగి వేళ్లు ముడుస్తున్నాడు. వాళ్లింట్లో రెండు ఫోన్లున్నాయి, ట్యాబ్ కూడా ఉంది. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ జనవరిలో ఐదు రాష్ట్రాల్లో చిన్న తరగతుల పిల్లల్ని పరీక్షిస్తే, నూటికి 92 మంది భాషలో అంతకుముందు వచ్చినదాంట్లో కనీసం ఒకటైనా మర్చిపోయారు, లెక్కల్లో 82 మంది. మన రాష్ట్రం ఆ ఐదింటిలో లేదు, కానీ మన పిల్లలేమీ వేరే మట్టితో చేసినవాళ్లు కాదు.

జబ్బు సంగతి చూస్తే, ఈ 2021 ఆగస్టు నాటికి మీవాడి వయసు పిల్లలకి టీకా లేదు, నిజమే. కానీ జూన్, జులైల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతా చేసిన రక్త పరీక్షల్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో నూటికి 57 మందికి అప్పటికే యాంటీబాడీలు ఉన్నాయి. అంటే సగానికి పైగా పిల్లలకి అది వచ్చి, చాలామందికి ఇంట్లో తెలియను కూడా తెలియకుండా పోయింది. తెరిస్తే ముందు ప్రాథమిక బడులే తెరవడం మంచిదని అప్పటి ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరామ్ భార్గవ జులైలో అన్నారు, చిన్నపిల్లలు ఈ వైరస్‌ని పెద్దవాళ్లకన్నా బాగా తట్టుకుంటారని. మనవాళ్లు పోయినసారి పదో తరగతితో మొదలుపెట్టింది పబ్లిక్ పరీక్షల కంగారుతో, వైరస్‌ని చూసి కాదు. మీవాడికి ఆస్తమాలాంటిదేమైనా ఉంటే, ఇంట్లో టీకా పడని పెద్దవాళ్లుంటే మాత్రం ముందు మీ డాక్టరుని అడగండి.

పంపేముందు చూసుకోవాల్సింది శానిటైజర్ సీసాలు కాదు, కిటికీలు. ఇది గాలిలో పాకే జబ్బు, బల్లలు తుడిచినంత మాత్రాన పోదు. వాడి గదికి రెండు పక్కలా కిటికీలున్నాయా, తెరుస్తున్నారా? గదికి ఇరవై మందే ఉండాలన్న నిబంధన పాటిస్తున్నారా? మాస్కులు తీసేది అన్నాల వేళే కాబట్టి అది గదిలోనా, వరండాలోనా? ఇవన్నీ టీచర్ని నిలదీయకండి, ఆవిడ చేతిలో కిటికీ గొళ్లెం తప్ప ఏమీ లేదు. యాజమాన్యాన్ని అడగండి, ఆ పద్నాలుగు మందినీ వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. గ్రూపులో ఉన్న ఆ ఊపు అక్కడ పనికొస్తుంది.

టీచరుకి మాత్రం మీరు ఒక మాట ఇవ్వాలి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. జలుబు, జ్వరం ఉన్న రోజున పంపం అని. పొద్దున్నే ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ సిరప్ పోసి, నుదురు చల్లబడ్డాక బ్యాగు తగిలించి పంపేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే, నేనూ చేశాను. గేటు దగ్గర థర్మల్ గన్‌కి అది దొరకదు. పదకొండింటికి మందు ప్రభావం తగ్గాక పిల్లాడు బల్ల మీద తలపెట్టి పడుకుంటే దగ్గరికెళ్లి నుదురు మీద చెయ్యి వేసేది ఆవిడే. ఆవిడ భయమంతా ఆ ఒక్క క్షణం గురించే అయ్యుండొచ్చు.

మీవారికి ఇదంతా చెప్తే వింటారో లేదో. క్షమాపణ ఆయన చెప్పక్కర్లేదు, ఆ మెసేజ్ ఆయన పెట్టలేదు కదా. వాడు సోమవారం నుంచి బడికెళ్తే ఫోను గొడవ కూడా ఉండదని చెప్పండి, ఆయన ఫోను హాయిగా ఆయన జేబులోనే ఉంటుంది.

ఆటో సంగతి మర్చిపోయాను. బడిలో గదికి ఇరవై మంది అని లెక్కలేసి, ఇంటికి మాత్రం పన్నెండు మంది పిల్లల్ని ఒక్క ఆటోలో, డ్రైవరు పక్కన ఇద్దర్ని వేలాడదీసి పంపుతున్నాం. కొరిటెపాడు నుంచి మీ బడి నడిచేంత దూరమే అయితే ఈ రెండు నెలలూ మీరే దింపి రండి. కాకపోతే ఆటో అతనితో ఆదివారమే మాట్లాడుకోండి, ఆరుగురికి మించితే మావాణ్ణి ఎక్కించం అని. డబ్బులు కాస్త ఎక్కువ అడుగుతాడు, బేరమాడండి గానీ మరీ గీచి గీచి ఆడకండి, అతనికీ ఏడాదిన్నరగా బండి కదల్లేదు.